విశ్వవిద్యాలయాలలో పరిశోధన, సాంకేతికోద్యోగాలు – మన కర్తవ్యం

డిగ్రీ చివరి సంవత్సరంలో అడుగుపెట్టిన విద్యార్థిని "తరువాత ఏమి చేయదలచుకున్నావు?" అని అడిగితే మన కళాశాలలో సాధారణంగా మూడు సమాధానాలు వినబడతాయి. ఒకరు బి.ఎడ్. అంటారు. మరొకరు ఏదైనా కంప్యూటరు కోర్సులో చేరతామంటారు. ఇంకొకరు గల్ఫు దేశంలో ఉన్న అన్నగారి కబురు కోసం ఎదురుచూస్తున్నామంటారు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తామని చెప్పేవారు అరుదు. చెప్పినా, వారి మనస్సులో ఉన్నది అధ్యాపక పదవి ఒక్కటే. అది చాలా దూరపు మాటగా తోచి, చెప్పిన మరుక్షణమే వారే నవ్వి ఊరుకుంటారు.

ఇది విద్యార్థుల తప్పు కాదు. మనకు బయటికి కనబడే విశ్వవిద్యాలయం తరగతి గది, పరీక్ష, పట్టా – ఇంతవరకే. కాని ఆ భవనాల వెనుక మరొక విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ ద్రావణాలు కలిపేవారు, విలువైన పరికరాలను కనిపెట్టుకొని ఉండేవారు, గాజు గొట్టాలను మంటలో వంచి మలచేవారు, లేతు యంత్రం మీద విడిభాగాలు తయారు చేసేవారు, ప్రయోగాల కోసం ఉంచిన ఎలుకలను సాకేవారు, ఎండబెట్టిన మొక్కలకు పేర్లు వ్రాసి భద్రపరిచేవారు, ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించేవారు, ఆ వివరాలను కంప్యూటరులో క్రమంగా అమర్చేవారు ఉన్నారు. ఒక ఆచార్యుని పేరు మీద వెలువడే పరిశోధన పత్రం వెనుక ఇటువంటివారు ఎందరో ఉంటారు. వారికి జీతం ఉన్నది. వారి పదవికి ఒక పేరు ఉన్నది. ఆ పదవి ఖాళీ అయినప్పుడు దానికి ఒక ప్రకటన వెలువడుతుంది. ఆ ప్రకటనను చదవవలసినవారిలో మనమూ ఉన్నామన్న సంగతిని మన కళాశాల ఇంతవరకు గట్టిగా తలకెక్కించుకోలేదని నా అభిప్రాయం.

ఈ ఉద్యోగాలు మనకు అందకపోవడానికి మూడు కారణాలు కనబడుతున్నాయి. సమాచారం సకాలంలో చేరకపోవడం ఒకటి. కావలసిన పత్రాలు సిద్ధంగా లేకపోవడం రెండవది. చేతికి పని అలవడకపోవడం మూడవది. మొదటి రెండు లోపాలు కొద్దిపాటి శ్రద్ధతో తీరేవి. మూడవది మన చదువు తీరునే ప్రశ్నించేది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మూడవదాని కోసమే వ్రాస్తున్నాను; అయినా మొదటి రెండింటినీ దాటి పోవడానికి వీలులేదు.

అవకాశాలు మనకు దూరంగా లేవు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1974లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998లో అదే విధంగా ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం – ఈ మూడూ ఒకే నగరంలో ఉన్నాయి. వీటికి తోడు రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధనాలయాలు ఉన్నాయి. దేశంలో ఇన్ని విద్యాసంస్థలు, పరిశోధనాలయాలు ఒకచోట ఉన్న నగరాలు కొద్దిగానే ఉన్నాయి. వీటి గోడల పక్కనుండి బస్సులో వెళ్లే మన విద్యార్థులు ఎందరో ఉన్నారు. లోపలికి వెళ్లి పనిచేసేవారు మాత్రం కొద్దిమంది.

ఇక ప్రకటనల సంగతి. విశ్వవిద్యాలయం నుండి వెలువడే బోధనేతర ప్రకటనలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది శాశ్వతోద్యోగాలకు సంబంధించినది: ప్రయోగశాల సహాయకుడు, సాంకేతిక సహాయకుడు, గ్రంథాలయ సహాయకుడు మొదలైనవి. ఇవి ఏళ్ల తరబడి వెలువడకపోవచ్చు. వెలువడినప్పుడు దరఖాస్తు చేసేవారు వేల సంఖ్యలో ఉంటారు. రెండవది ప్రాజెక్టు ఉద్యోగాలకు సంబంధించినది. ఒక ఆచార్యునికి కేంద్ర ప్రభుత్వ శాఖ ఏదైనా ఒక పరిశోధన కోసం రెండు మూడేళ్లకు నిధులు ఇస్తుంది. ఆ నిధులలోనే సహాయకుల జీతం కూడా ఉంటుంది. జూనియర్ రిసెర్చ్ ఫెలో, ప్రాజెక్టు అసోసియేట్, ప్రాజెక్టు సహాయకుడు, క్షేత్ర పరిశోధకుడు – ఇవి ఆ పదవుల పేర్లు. వీటి ప్రకటన తరచుగా ఒకే పుట. గడువు రెండు వారాలకు మించకపోవచ్చు. కొన్నిటికి దరఖాస్తు కూడా అక్కరలేదు. చెప్పిన రోజున పత్రాలతో నేరుగా హాజరు కావడమే. ప్రకటన విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఒక మూల కనబడి, గడువు తీరగానే మరుగున పడుతుంది. ఎవరో ఒకరు కనిపెట్టి చూస్తూ ఉంటే తప్ప అది మన విద్యార్థి కంటబడదు.

పరిశోధనలో స్థిరపడదలచినవారికి నెట్ పరీక్ష ప్రధాన ద్వారం. అందులో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు నిర్ణయించారు. 2024 జూన్ పరీక్ష నుండి నెట్ ఫలితాన్ని పిహెచ్.డి. ప్రవేశానికి కూడా పరిగణించే పద్ధతి వచ్చింది. ఉర్దూ, తెలుగు కూడా ఈ పరీక్షలో పూర్తి విషయాలుగా ఉన్నాయి. అయితే భాషా విషయాలు తప్ప మిగిలిన ప్రశ్నపత్రాలు ఆంగ్లంలోను, హిందీలోను మాత్రమే ఉంటాయి. మాతృభాషా మాధ్యమంలో చదివినవారు ఈ సంగతిని ఎం.ఎస్సీ.లో కాక డిగ్రీ మొదటి సంవత్సరంలోనే తెలుసుకోవడం మంచిది. గేట్ పరీక్షను డిగ్రీ మూడవ సంవత్సరం చదువుతూనే వ్రాసే వీలు 2021 పరీక్ష నుండి కల్పించారు. ఇదీ మనలో చాలమందికి తెలియదు.

ఇక్కడ ఒక కఠినమైన నిజాన్ని కూడా చెప్పుకోవాలి. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022–23 నుండి నిలిపివేసినట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో పార్లమెంటులో ప్రకటించింది. ఇతర పథకాలతో అది అతివ్యాప్తి చెందుతున్నదని ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ నిర్ణయం ఉచితమా, కాదా అన్న చర్చకు ఇది స్థలం కాదు. నా మట్టుకు అది విచారకరమైన నిర్ణయమే. కాని మన విద్యార్థికి ఆచరణలో మిగిలినది ఏమిటి? సర్వసామాన్యమైన పోటీ, లేదా ప్రాజెక్టు ఉద్యోగం. ఆసరాగా ఉన్న ఒక కర్ర చేజారినప్పుడు కాళ్లను గట్టిచేసుకోవడం తప్ప వేరు దారి లేదు.

ప్రకటనను చదవడం కూడా ఒక విద్యే. అందులో "తప్పనిసరి అర్హతలు" అని ఒక భాగం, "వాంఛనీయ అర్హతలు" అని మరొక భాగం ఉంటాయి. తప్పనిసరి అర్హత సాధారణంగా ఒక పట్టా, కొంత శాతం మార్కులు. వాంఛనీయ అర్హతల క్రింద ఫలానా పరికరం మీద అనుభవం, ఫలానా పద్ధతిలో పరిచయం అని నాలుగు పంక్తులు ఉంటాయి. మన విద్యార్థి ఆ నాలుగు పంక్తులు చదివి, "ఇది నా వంటివాడి కోసం కాదు" అని కాగితం మడిచి పెడతాడు. వాంఛనీయమంటే ఉంటే మంచిదని అర్థమే గాని, లేకపోతే రావద్దని కాదు. తప్పనిసరి అర్హత ఉన్న ప్రతి ప్రకటనకూ దరఖాస్తు చేయడం అభ్యర్థి పని. తిరస్కరించడం, ఎంపిక చేయడం వారి పని. వారి పనిని కూడా మనమే నెత్తిన వేసుకొని మనలను మనమే తిరస్కరించుకోవడం ఏమి న్యాయం?

పత్రాల విషయంలో జరిగే నష్టం మరింత బాధాకరం. రాష్ట్ర ప్రభుత్వోద్యోగానికి చూపే వెనుకబడిన తరగతుల పత్రం కేంద్రీయ విశ్వవిద్యాలయంలో యథాతథంగా చెల్లదు. అభ్యర్థి కులం కేంద్ర జాబితాలో ఉండాలి. పత్రం కేంద్ర నమూనాలో ఉండాలి. క్రీమీలేయరుకు చెందరన్న ధృవీకరణ అందులో ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలోనూ ఉన్నట్లు కాదు. ఏ రిజర్వేషన్‌కూ చెందని పేద కుటుంబాల కోసం 2019లో వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల కోటా ఉన్నది. దాని పత్రాన్ని ఏటేటా కొత్తగా తీసుకోవాలి. అల్పసంఖ్యాక వర్గానికి చెందినవారమన్నంత మాత్రాన కేంద్ర ఉద్యోగాలలో రిజర్వేషన్ రాదు. ఇవన్నీ తెలియక, ప్రకటన వెలువడిన తరువాత తహశీల్దారు కార్యాలయానికి పరుగెత్తేవారిని ప్రతి ఏడాదీ చూస్తున్నాను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న చందం ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ల క్రితం మన కళాశాలలో బి.ఎస్సీ. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడై, ఎం.ఎస్సీ. కూడా పూర్తిచేసిన ఒక విద్యార్థి, ఒక విశ్వవిద్యాలయంలోని రసాయనశాస్త్ర విభాగానికి ప్రాజెక్టు ఉద్యోగం కోసం వెళ్లాడు. అక్కడ అతనిని పెద్ద ప్రశ్నలేవీ అడగలేదట. నిర్జల సోడియం కార్బొనేటు సీసా, ఎలక్ట్రానిక్ త్రాసు, నూరు మిల్లీలీటర్ల ప్రమాణ కుప్పె చూపించి, "డెసినార్మల్ ద్రావణం నూరు మిల్లీలీటర్లు తయారు చేయండి" అన్నారట. తుల్యభారం 53 గనుక 0.53 గ్రాములు కావాలని అతడు క్షణంలో చెప్పాడు. అక్కడివరకు బాగానే ఉన్నది. ఆ తరువాత త్రాసు గాజు తలుపు మూయకుండానే తూచబోయాడు. చివరి అంకెలు నిలకడగా నిలవలేదు. చెంచాతో కాక సీసానే వంచాడు, ఎక్కువ పడింది. ఎక్కువైన పొడిని తిరిగి సీసాలోనే పోశాడు. చివరికి కుప్పె మెడ మీది గీతను దాటి నీరు పోశాడు. ఎంపికైన అభ్యర్థికి మార్కులు ఇతనికంటే తక్కువేనట. కాని ఒక మందుల కర్మాగారంలోని నాణ్యతా పరీక్ష విభాగంలో ఏడాది పాటు పనిచేసినవాడట.

తిరిగి వచ్చి నన్ను కలిసినప్పుడు ఆ విద్యార్థి ఒకే మాట అన్నాడు: "సార్, లెక్క వచ్చింది, తూకం రాలేదు."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఎందుకంటే అతనికి తూకం నేర్పవలసినవారిలో నేనూ ఒకడిని. మన ప్రయోగశాలలో జరుగుతున్నది దాచకుండా చెప్పుకుందాం. నలభైమంది ఉన్న జట్టుకు పనిచేసే త్రాసులు రెండు. సమయం చాలదని ద్రావణాలన్నీ ముందుగానే కలిపి ఉంచుతారు. విద్యార్థి బ్యూరెట్టు తిప్పి, రంగు మారిన క్షణం చూచి, అంకె వ్రాసుకొని పోతాడు. కొన్నిసార్లు రంగు కూడా చూడడు. పై తరగతివారి రికార్డు నుండి అంకెలు ఎక్కించుకుంటాడు. ఆ రికార్డుల మీద సంతకం చేసినవారిలో నేనున్నాను. విచిత్రమేమిటంటే, మన ప్రయోగశాలలో తడబాటు లేకుండా తూకం వేయగలవాడు పదవ తరగతి చదివిన పరిచారకుడు. ద్రావణాలన్నీ కలిపేది అతడే గనుక పని అతని చేతికి వచ్చింది. పట్టా మన విద్యార్థికి వచ్చింది. ఉర్దూలో "ఇల్మ్" పక్కనే "హునర్" అన్న మాటను గౌరవంగా చెప్పుకుంటారు. మనం ఆ రెండింటినీ విడదీసి, ఒకటి తరగతి గదికి, రెండవది పరిచారకునికి పంచిపెట్టాము.

చేతి పని చిన్నదన్న భావం మన ఇళ్లలో కూడా ఉన్నది. ఆ భావం ఎంత తప్పో తెలుసుకోవడానికి మన నగర చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో హైదరాబాదులో ఒక వేధశాలను నెలకొల్పారు. ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. అదే నిజామియా వేధశాల. ఆకాశంలోని నక్షత్రాలన్నిటినీ ఛాయాచిత్రాలు తీసి, వాటి స్థానాలను పట్టికలకెక్కించాలని 1887లో పారిస్ నగరంలో ఒక అంతర్జాతీయ సంకల్పం జరిగింది. ప్రపంచంలోని సుమారు ఇరవై వేధశాలలు ఆకాశాన్ని పంచుకున్నాయి. దక్షిణాకాశంలో 17 నుండి 23 అంశల మధ్యనున్న పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. తరువాత ఉత్తరాకాశంలో 36 నుండి 39 అంశల పట్టీని కూడా హైదరాబాదు చేపట్టింది.

ఆ పని ఎలా జరిగింది? గాజు పలకల మీద పడిన ఒక్కొక్క చుక్కను కొలత యంత్రం క్రింద ఉంచి, అడ్డుగా ఎంత, నిలువుగా ఎంత అని కొలిచి, అంకెలు వ్రాసి, లెక్క కట్టి, సరిచూచి అచ్చువేయించారు. ఒకటి కాదు, రెండు కాదు, లక్షల నక్షత్రాలు. ఒక ఏడాది కాదు, కొన్ని దశాబ్దాలు. వేధశాల సంచాలకులైన పోకాక్, టి.పి. భాస్కరన్‌ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. యంత్రం ముందు కూర్చొని కళ్లు కాయలు కాచేలా చుక్కలు కొలిచినవారి పేర్లు సామాన్యంగా ఎవరికీ తెలియవు. ఇదే మహాకార్యంలో వాటికన్ వేధశాల వంతుకు వచ్చిన సుమారు ఐదు లక్షల నక్షత్రాలను కొలిచినవారు నలుగురు క్రైస్తవ సన్యాసినులు. వారు ఖగోళ శాస్త్రంలో పట్టభద్రులు కారు. ఓర్పు, సూక్ష్మదృష్టి, నిజాయితీ ఉన్నవారు. ఆ పాత కొలతలను 2000లో వెలువడిన టైకో–2 నక్షత్ర పట్టిక వాడుకున్నది. రెండున్నర మిలియన్ల నక్షత్రాలు ఆకాశంలో ఎంతెంత కదిలాయో లెక్కించడానికి పనికివచ్చిన పాత స్థానాలలో హైదరాబాదులో కొలిచినవి కూడా ఉన్నాయి. ఆనాడు ఎవరైనా ఒక కొలతగాడు బద్ధకించి పక్కవాని అంకె ఎక్కించి ఉంటే, ఆ తప్పు తరాల తరువాత ఎవరో పరిశోధకుని లెక్కలో బయటపడేది. రికార్డు నకలు వ్రాసే విద్యార్థి, దాని మీద సంతకం పెట్టే అధ్యాపకుడు – ఇద్దరమూ ఈ మాటను గుర్తుంచుకోవాలి.

సాంకేతిక పని అంటే విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు మాత్రమే చెందినదని మన ఆర్ట్స్ విద్యార్థులు అనుకోనక్కరలేదు. ఉస్మానియాలో తరగతులు ప్రారంభం కాకముందే, 1917లో, అనువాద శాఖ అయిన దారుల్ తర్జుమా ఏర్పడింది. పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి అనువాదకులను, పారిభాషిక పదాలను నిర్ణయించే పండితులను నియమించారు. అంటే ఆ విశ్వవిద్యాలయంలో మొట్టమొదట పనిలో చేరినది భాష తెలిసినవారు. నేడు ఆ అవసరం రూపం మారింది గాని తీరలేదు. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన భాండాగారంలో నిజాం కాలపు దస్తావేజులు ఫారసీలోను, ఉర్దూలోను ఉన్నాయి. వాటిని చదివి తెలుగులో వివరించగలవారు తరిగిపోతున్నారు. మరోవైపు కంప్యూటరు చేత భారతీయ భాషల మధ్య అనువాదం చేయించే పరిశోధన హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను, అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలోను చాలా కాలంగా జరుగుతున్నది. అటువంటి ప్రాజెక్టులకు వాక్యాలను గుర్తించి వర్గీకరించేవారు, తప్పులు దిద్దేవారు, ఉచ్చారణలు సేకరించేవారు కావాలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఆంగ్లం – ఇది మన విద్యార్థికి పుట్టుకతో వచ్చిన సంపద. దానిని అర్హతగా కాగితం మీద వ్రాసుకోవాలని మనం వారికి ఎన్నడూ చెప్పలేదు.

నా మాటలకు వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది: ఇవి తాత్కాలికోద్యోగాలు కదా అని. నిజమే. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగుస్తుంది. దానిని చూపి శాశ్వత నియామకం కోరే హక్కు లేదని నియామక పత్రంలోనే వ్రాసి ఉంటుంది. మన పూర్వ విద్యార్థిని ఒకరు ఒక ఆరోగ్య సర్వేలో క్షేత్ర పరిశోధకురాలిగా రెండేళ్లు పనిచేశారు. పాతబస్తీ గల్లీలలో దక్కనీలోను, శివారు గ్రామాలలో తెలుగులోను మాట్లాడి వివరాలు సేకరించగల సామర్థ్యమే ఆమెకు ఆ ఉద్యోగం తెచ్చింది. ప్రాజెక్టు ముగిసిన తరువాత ఎనిమిది నెలలు జీతం లేకుండా ఇంట్లో ఉన్నారు. ఆ ఎనిమిది నెలల బాధను తక్కువ చేసి చెప్పను. కాని తరువాత మరొక సంస్థ ఆమెను పిలిచినప్పుడు చూసినది ఆ రెండేళ్ల పనినే. తాత్కాలికోద్యోగాన్ని గమ్యంగా భావిస్తే నిరాశ తప్పదు. మెట్టుగా భావించి, ఆ కాలంలోనే నెట్ పరీక్షకు చదివితే ప్రయోజనం ఉంటుంది.

రెండవ ఆక్షేపణ సిఫారసు గురించి. "అంతా ముందే నిర్ణయమై ఉంటుంది, ప్రకటన కేవలం తంతు" అంటారు. కొన్నిచోట్ల అది నిజం కాదని నేను ప్రమాణం చేయలేను. కాని ఒక మార్పును గమనించాలి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి గ్రూప్ సి ఉద్యోగాలకు, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను రద్దు చేసింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో ప్రయోగశాల సహాయకుని వంటి పదవులకు ఇప్పుడు ప్రధానమైనవి వ్రాత పరీక్ష, నైపుణ్య పరీక్ష. ఇంటర్వ్యూలో సిఫారసు మాట్లాడవచ్చు. త్రాసు ముందు నిలబడినప్పుడు అది మాట్లాడదు. పైగా ఏ ప్రకటన తంతు, ఏది నిజమైనది అన్నది బయటివారికి తెలియదు. అన్నీ తంతులేనని మనం మానుకుంటే, నిజమైనవి కూడా మన మట్టుకు తంతులే అవుతాయి.

కనుక కళాశాల కార్యవర్గం వారికి కొన్ని వినయపూర్వకమైన సూచనలు చేయదలచాను. మొదటిది, ప్రయోగశాల ఖర్చును తొలి ఖర్చుగా భావించాలి. ముఖద్వారానికి రంగులు, వార్షికోత్సవానికి షామియానాలు కావలసినవే. కాని మరి నాలుగు త్రాసులు కొని, మూలపడిన సూక్ష్మదర్శినులకు మరమ్మతు చేయిస్తే, ప్రతి విద్యార్థీ తన ద్రావణాన్ని తానే తూచి కలుపుకునే వీలు ఏర్పడుతుంది. జట్టును నలభై నుండి ఇరవైకి తగ్గించవలసి వస్తే అధ్యాపకులమైన మేము మరొక గంట నిలబడడానికి సిద్ధపడాలి. రెండవది, గ్రంథాలయంలో ఒక ప్రకటనల బల్ల ఉండాలి. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక 1976లో ఆరంభమైన నాటి నుండి ఆంగ్ల, హిందీలతో పాటు ఉర్దూలోనూ వెలువడుతూ వచ్చింది. మన ఉర్దూ విద్యార్థులలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరు? వారానికి రెండుసార్లు ఒకరు విశ్వవిద్యాలయాల ప్రకటనలు చూచి, పదవి, అర్హత, చివరి తేదీ – ఈ మూడింటిని తెలుగులోను, ఉర్దూలోను పలక మీద వ్రాస్తే చాలు. ఇందుకు పెద్ద వ్యయం లేదు. మానకుండా చేయడమే కష్టం.

మూడవది, విద్యాసంవత్సరం మొదట్లోనే ఒక వారాన్ని పత్రాల కోసం కేటాయించాలి. చివరి సంవత్సరం విద్యార్థులందరి పత్రాలు పరిశీలించి, ఎవరికి ఏది లేదో, ఎవరి పేరు పదవ తరగతి పత్రంలో ఒక విధంగా, ఆధార్ కార్డులో మరొక విధంగా ఉన్నదో చూచి సరిచేయించాలి. ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయిన దరఖాస్తులు నాకు తెలుసు. నాల్గవది, దరఖాస్తు రుసుము, ప్రయాణ ఖర్చు భరించలేని విద్యార్థుల కోసం పూర్వ విద్యార్థుల చందాతో ఒక చిన్న నిధిని ఏర్పాటు చేయాలి. ఐదవది, మన ప్రయోగశాల పరిచారకుని ఏడాదికి రెండు మూడు తరగతులకు గురువుగా నిలబెట్టాలి. అతడు తూకం నేర్పుతుంటే విద్యార్థులతో పాటు మేమూ నిలబడి చూడాలి. చేతి పనికి గౌరవమిస్తున్నామని మాటలలో చెప్పడం కన్న ఆ దృశ్యం ఎక్కువ చెబుతుంది.

విద్యార్థి మిత్రులారా! మీకు చెప్పవలసినది తక్కువే. రికార్డులో మీ చేతితో వచ్చిన అంకెనే వ్రాయండి. అది తప్పైనా సరే. ఎందుకు తప్పు వచ్చిందని అడగండి, మేము చెప్పవలసిందే. సెలవులలో ఒక నెల పాటు మందుల దుకాణంలోనో, రక్తపరీక్షల కేంద్రంలోనో, ముద్రణాలయంలోనో పని చూడండి. ప్రతిరోజూ ఒక పుట ఆంగ్ల శాస్త్ర వ్యాసం నిఘంటువు సాయంతో చదవండి. విద్యార్థినులలో కొందరిని క్షేత్రపర్యటన ఉద్యోగాలకు ఇంట్లో పంపరు. మీ తల్లిదండ్రులను ఒకసారి కళాశాలకు తీసుకురండి, ఆ పని చేసి వచ్చిన మీ అక్కలతో మాట్లాడిద్దాం. దరఖాస్తు తిరస్కృతమైతే ఆ కాగితాన్ని దాచుకోండి. రెండవ దరఖాస్తు వ్రాసేటప్పుడు అది మీకు పాఠ్యపుస్తకమవుతుంది.

లెక్క వచ్చి తూకం రాని ఆ విద్యార్థి మరుసటి నెలలో మళ్లీ మన కళాశాలకు వచ్చాడు. సాయంకాలం తరగతులు ముగిసిన తరువాత పరిచారకుని పక్కన నిలబడి, రెండు వారాలు ద్రావణాలు కలిపాడు. నేను గది తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ రెండు వారాలు అతనికి మూడేళ్ల క్రితమే మనం ఇచ్చి ఉండవలసినవి. ఈ సంవత్సరం మన ప్రయోగశాలలో అడుగుపెట్టే పిల్లలకు ఆ బాకీ మిగల్చకుండా ఉండడం కార్యవర్గం వారి చేతిలోను, మా చేతిలోను ఉన్నది.